చాకిరీ ఎవరిది?

2012లో మా రెండోవాడు పుట్టినప్పుడు అమ్మ ఒంగోలు నుంచి పాత నేతచీరలు చింపి, పొత్తిగుడ్డలు కుట్టి తెచ్చింది. ఇక డైపర్లు మానేద్దామని ఉత్సాహపడింది నేనే. గుడ్డల వల్ల భూమికి మేలా, కీడా అన్నది వాటిని ఉతికి ఆరబెట్టే తీరును బట్టి ఉంటుందనీ, డ్రయ్యర్లో వేస్తే లాభం పోతుందనీ బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 నివేదికలో చదివాను. ఇక్కడ డాలస్‌లో మా కాలనీవాళ్ళు పెరట్లో దండెం కట్టనివ్వరు. అందుకని అమ్మ బాత్‌టబ్బులో ఉతికి, గరాజులో తాడు మీద ఆరేసేది.

పదిరోజులకి ఆవిడ వేళ్ళు పగిలాయి. సిగ్గేసింది. భూమి మీద ప్రేమ నాది, చాకిరీ ఆవిడది! ఖరీదు ఇంకొకరు కడుతుంటే అది నా మంచితనం ఎలా అవుతుంది?

అలాగని డైపర్లకి తిరిగి వెళ్ళలేదు. ఆ రాత్రి నుంచి ఉతుకుడు నాది.

"నీకెందుకురా ఈ పని?" అంది అమ్మ.

కావాలన్నది నేనే కదమ్మా!