మాటున నుండు పక్షి

దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమున, దక్షిణదిశగా, ఆండీస్ కొండలమీద ఎల్లప్పుడును మంచుతోను తుంపరతోను తడిసియుండు అడవులు గలవు. అందు సుమారు 2,300 మీటర్ల యెత్తునకుపైని, వెదురుపొదల చీకటిలో నేలమీదనే తిరుగాడు హోకోటోకో యను చిన్న పక్షిని 1997వ సంవత్సరము నవంబరు వరకు శాస్త్రజ్ఞు లెరుగరు. పొట్టి తోక, పొడవు కాళ్లు, కంటిక్రింద తెల్లని మచ్చ; కూత వినబడును గాని రూపు కానరాదు. ఆ నెలలో రాబర్ట్ రిడ్జిలీ యను పండితుడు తానెరుగని కూత నొకదానిని విని, యంత్రమున బట్టి, మరల వినిపించెను. పక్షి వెలుపలికి వచ్చెను.

ఎందుకు వచ్చెను? తన యెల్లలోనికి మరియొక పక్షి చొరబడెనని యెంచి వచ్చెను. అనగా దాని గొంతుతోనే దానిని మోసపుచ్చుట జరిగినది. పక్షికి సత్యాసత్యములు తెలియవు గావున నిది మోసము కాదని కొందరందురు. పసిబిడ్డకును తెలియవు. అయినను ఉత్తచేయి మూసి, అందు మిఠాయి యున్నదని బిడ్డను పిలుచువారిని మన యిండ్లలో పెద్దలు మందలింపక మానరు. మోసము మోసపోవువాని తెలివినిబట్టి యేర్పడునది కాదని మా యభిప్రాయము.

ఇక రెండవ పక్షము బలమైనది. ఆ పక్షి కనబడినందుననే 1998లో దాని పేరుతో నొక సంస్థ వెలసి, ఆ తావున భూమి గొని, టపిచలాకా యను రక్షితారణ్యము నేర్పరచెను. ఎవరికిని తెలియక దాగియే యున్నచో, ఆ యడవి పశువుల మేతబీడై పోయెడిదేమో! రహస్యము ప్రాణరక్షణ యని పక్షి నమ్మును. గొడ్డలియెదుట ఆ నమ్మకము చెల్లదు.

పిదప కాపరులు వానపాములు వేసి ఆ పక్షులను చేరబిలువ నేర్చిరి. చూడవచ్చువారి సొమ్ము అడవి పోషణకు తోడ్పడును. ఈ రెండు పిలుపులను మేము సమానముగా నెంచజాలము. యంత్రము పక్షిని కోపముతో రప్పించి వట్టిచేతులతో పంపును. వానపాము నిజముగా వానపామే. వచ్చిన పక్షి తిని పోవును, రానొల్లనిది పొదలోనే యుండును. నిత్యము ఒకే చోటికి వచ్చు అలవాటు శత్రువులకు దారిచూపు ననుభయము లేకపోలేదు; ఆ భారము కాపరి మోయవలసినదే. సముద్రములు దాటి వచ్చినవా డొకడు ఉదయమంతయు వేచియున్నను పక్షి రాలేదనుకొందము. అప్పుడు యంత్రము తీయుమని అతడు కాపరిని బతిమాలరాదు. బతిమాలినను కాపరి తీయరాదు.