వినుటయు నుపాసనయే



పరమేశ్వరుఁడొక్కఁడే తండ్రియనియు, మనుష్యులందఱు సోదరులనియు మనము ప్రతి ప్రార్థనయందును పలుకుచున్నాము. అయినను రైలుబండిలోఁ బ్రక్కనున్న క్రొత్తవానిని మొదట నడుగునది యేమి? "మీ యింటిపేరేమి?" అని! దానినిబట్టి కులము నూహించుకొని మౌనము వహించుచున్నాము.

బ్రాహ్మకుటుంబమునఁ బుట్టిన రవీంద్రనాథ ఠాకూరు వంగదేశమందలి షిలైదహలో జమీందారీ వ్యవహారములు చూచుచుండఁగా, గగన్ హరకరా యను తపాలా బంట్రోతుతోఁ బరిచయము కలిగెను. ఊరి జాబులు మోయు నాతఁ డంతర్యామిని వెదకుచుఁ బాటలు కట్టి పాడువాఁడు. వంగవిభజనము జరిగిన 1905లో ఠాకూరు ఆ పాటలలో నొకదాని వరుసపై నొక దేశగీతమును రచించెను. 1971లో స్వతంత్రమైన బంగ్లాదేశము దానినే జాతీయగీతముగా గ్రహించినది. జాబు పుచ్చుకొని తలుపు మూసికొనియున్నచో నా సంపద యెవరికి దక్కెడిది?

ప్రతివాఁడును కవి కానక్కఱలేదు. పడవవాఁడు చెప్పు వరదకథయు, వంటయింటి వితంతువు బ్రతుకును వినఁదగినవే. ఎవరికొఱకు సంస్కరణమో వారి నోటిమాట వినక వేదిక లెక్కుట యెట్టి సంస్కరణము?

నేఁడొక క్రొత్తవానిని కులమడుగక కుశలమడుగుఁడు; అతఁడు చెప్పినది తుదివఱకు వినుఁడు. సర్వాంతర్యామి మనకు వినెడి హృదయము నొసఁగుఁగాక!