ఇమిడినది తగినదేనా?

ఒక వస్తువు మరొకదానికి తగినదని చెప్పినప్పుడు, ఆ తగినతనం మొదటి వస్తువులో ఉన్నదా, రెండవదానిలో ఉన్నదా, లేక రెండింటి సంబంధంలోనే ఉన్నదా అన్నది పాత ప్రశ్న. తర్కశాస్త్రం ఈ భావాన్ని ‘యోగ్యత’ అన్న పేరుతో వాక్యార్థ విచారంలో చర్చించింది. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, వాక్యం అర్థమవడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కారణాలు కావాలని వివరించాడు. ఒక పదం మరొక పదం తోడు లేనిదే అన్వయాన్ని బోధించలేకపోవడం ఆకాంక్ష. పదాలను ఎడం లేకుండా పలకడం సన్నిధి. కలిసిన పదాల అర్థాలకు పరస్పర విరోధం లేకపోవడం యోగ్యత. నిప్పుతో తడపమని చెప్పే వాక్యంలో వ్యాకరణ దోషం ఏదీ లేకపోయినా, తడిపే శక్తి నిప్పుకు లేదు కనుక ఆ వాక్యానికి యోగ్యత లేదు.

కంప్యూటర్ ప్రాసెసర్ ఒక మదర్‌బోర్డుకు సరిపోతుందో లేదో తేల్చుకునే పని ఈ విభజనకు చక్కని ఉదాహరణ. లెక్కలు చేసే ప్రాసెసర్, దానికి విద్యుత్తును, మెమరీతోనూ ఇతర భాగాలతోనూ రాకపోకలను సమకూర్చే మదర్‌బోర్డు, ఈ రెండింటిలో ఒకటి లేనిదే మరొకటి పనిచేయదు కనుక వాటి మధ్య ఆకాంక్ష ఉన్నది. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణపు గుర్తును బోర్డులో అది కూర్చునే చోటైన సాకెట్ మీది గుర్తుతో కలిపి, ఏ మాత్రం ఒత్తిడి లేకుండా దానిని దించి, పక్కనున్న మీటను బిగిస్తే సన్నిధి కూడా సిద్ధిస్తుంది. యోగ్యత మాత్రం కంటికి కనిపించదు.

ఇంటెల్ సంస్థ 2015లో తెచ్చిన ఎల్‌జీఏ 1151 సాకెట్ చరిత్ర ఈ మాటకు సాక్ష్యం. పేరులోని అంకె, ప్రాసెసర్‌ను తాకే విద్యుత్ స్పర్శస్థానాల సంఖ్య. 2017లో వచ్చిన ఎనిమిదవ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకూ అదే సంఖ్య, అదే కొలత ఉన్నాయి. అయినా అంతకు ముందరి బోర్డులు వాటికి పనికిరావని, 300 శ్రేణి బోర్డులే కావాలని ఆ సంస్థ నిర్ణయించింది. కొత్త ప్రాసెసర్లకు విద్యుత్తును అందించే తీరు మారి, లోగడ కేటాయించకుండా ఉంచిన స్పర్శస్థానాలలో కొన్నిటికి కొత్త పని అప్పగించడమే దీనికి చెప్పిన కారణం.

సాకెట్ ఒకటే కనుక పనిచేస్తుందన్న అనుమానంలో, అంటే హేతువు ఆధారంగా చేసే నిర్ణయంలో, ఉన్న దోషానికి మూలమైనదాన్ని తార్కికులు ‘ఉపాధి’ అంటారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవాలి. నిప్పును బట్టి పొగను ఊహిస్తే, సాధ్యమైన (నిరూపించదలచిన) పొగ ఉన్న ప్రతిచోటా ఉంటూ, హేతువైన నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండని ఆ తడి కట్టె సంబంధమే అక్కడ ఉపాధి. అదే విధంగా కంప్యూటర్ నడిచిన ప్రతిచోటా, ఆ బోర్డు సర్క్యూటూ బయోసూ ఆ ప్రాసెసర్‌కు అనువుగా ఉంటాయి; కాని సాకెట్ కలిసిన ప్రతిచోటా అవి అలా ఉండవు.

బయోస్ అంటే బోర్డు మీది చిన్న చిప్‌లో నిలిచి ఉండి, విద్యుత్తు అందగానే ప్రాసెసర్ చేత మొట్టమొదట నడిచే ప్రోగ్రాం. ఏఎండీ సంస్థ వారి ఏఎం4 సాకెట్ 2016 నుంచి అనేక తరాలకు ఆశ్రయమిచ్చింది. అయినా 2018 నాటి బోర్డు తన పాత బయోస్‌తో 2020 నాటి రైజెన్ 5000 ప్రాసెసర్‌ను గుర్తించలేదు. బయోస్ మారితే తప్ప కొత్త ప్రాసెసర్ నడవదు, నడిచే ప్రాసెసర్ ఉంటే తప్ప సాధారణంగా బయోస్ మారదు; ఒకదాని సిద్ధికి మరొకటి ముందే సిద్ధించి ఉండాలనే ఈ చిక్కును తర్కం అన్యోన్యాశ్రయ దోషమంటుంది. ఆ వలయాన్ని తెంచేది బయటి నుంచి వచ్చే మూడవదే: అరువు తెచ్చిన పాత ప్రాసెసర్ గాని, కొన్ని బోర్డులలో ప్రాసెసర్ లేకుండానే యూఎస్‌బీ డ్రైవ్ నుంచి బయోస్‌ను ఎక్కించే ఏర్పాటు గాని.

మరి యోగ్యతను తెలిపే ప్రమాణం, అంటే జ్ఞానసాధనం, ఏది? ప్రత్యక్షం ఆకారం దగ్గరే ఆగిపోతుంది, అనుమానానికి ఉపాధి అడ్డు వస్తుంది. దాహంతో ఉన్నవాడు నీటిని చూసి, వెళ్లి, తాగి, తన జ్ఞానం నిజమని తెలుసుకున్నట్లు, ప్రవృత్తి, అంటే ప్రయత్నం, సఫలమవడమే గీటురాయి అనుకున్నా, సాకెట్‌లోని సన్నని పిన్నులు తప్పు ప్రయత్నంలో వంగిపోతే పరీక్షే నష్టంగా మారుతుంది. కనుక ఇక్కడ ముందుగా ఆశ్రయించవలసినది శబ్దప్రమాణం, అనగా ఆప్తుని మాట. విషయాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగి చెప్పేవాడు ఆప్తుడు. బోర్డును తయారుచేసినవారు, ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ సంచిక మొదలుకొని మద్దతు ఉన్నదో తెలిపే జాబితా అటువంటి మాట. దానిని చదవడం గుడ్డి నమ్మకం కాదు. ఏ విషయాన్ని ఏ ప్రమాణంతో తెలుసుకోవాలో ఎరిగిన వివేకం.

బయోస్ మారిన మరుక్షణం, లోహంలో గాని ఆకారంలో గాని ఏ మార్పూ లేకుండానే నిన్నటి అయోగ్యం నేడు యోగ్యమవుతుంది. చిప్‌లో చోటు చాలక కొత్త సంచిక నుంచి పాత ప్రాసెసర్ల మద్దతును తొలగించిన బోర్డులలో నిన్నటి యోగ్యం నేడు అయోగ్యమవుతుంది. యోగ్యత ఏ ఒక్క వస్తువు గుణమూ కాదని, ఒక స్థితిలో రెండింటి నడుమ నిలిచే సంబంధమని దీనివల్ల తేలుతున్నది. తెర వెలగలేదన్న ఒక్క కారణంతో ప్రాసెసర్ పనికిరాదని పక్కన పడవేసే ముందు, దేనికి పనికిరాదు, ఏ స్థితిలో పనికిరాదు అని అడగడం ఆ వస్తువు పట్ల చూపవలసిన న్యాయం. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేనంతవరకు ‘పనికిరాదు’ అన్నది ఆకాంక్ష తీరని వాక్యమే.