రెండేళ్ల తర్వాత ఏమిటి, అల్లుడూ?

ఒరేయ్ అల్లుడూ, నువ్వు జపాన్ వెళ్తానంటే నేనెక్కడ అడ్డం పడతానోనని మీ అమ్మ భయపడుతోంది. పడను. మదీనాగూడలో కాపురం ఉంటూ పిల్లల్ని విదేశాలకి పోవద్దనడం అయ్యే పనేనా? మా దీప్తిశ్రీ నగర్‌లో సాయంత్రం పూట వాకింగ్‌కి వచ్చే నా ఈడువాళ్లని కదిపితే చాలు, ఒకరి కొడుకు డల్లాస్, ఒకరి కూతురు మ్యూనిక్. వెళ్లు. కానీ నువ్వు ఆ కన్సల్టెన్సీ రంగుల కాగితం చూపిస్తూ చెప్పిన ఒక మాట నాకు గొంతు దిగలేదు. లాంగ్వేజ్ స్కూల్ వీసా మీద వెళ్లిపోవచ్చు, పార్ట్‌టైమ్ చేసుకుంటూ వీసా పొడిగించుకుంటూ ఎన్నాళ్లయినా ఉండొచ్చు అని కన్సల్టెన్సీ అమ్మాయి చెప్పిందన్నావు చూడు, అందులో చివరి ముక్క అబద్ధం.

ఫ్యాక్టరీ పర్సనెల్ డిపార్ట్‌మెంటులో నా సర్వీసంతా రూల్సు చదవడంతోనే సరిపోయింది. ఏ స్కీమొచ్చినా అది ఎప్పుడు ముగుస్తుందో ముందు చూసేవాణ్ణి, ఏమిస్తుందో తర్వాత. ఇదీ అలాగే చదివాను. జపాన్‌లో భాషా పాఠశాల చదువుకి గరిష్ఠంగా 2 ఏళ్లు. ఏప్రిల్ బ్యాచ్‌లో చేరితేనే ఆ రెండేళ్లు పూర్తిగా దక్కుతాయి. జూలైలో చేరితే ఏడాది తొమ్మిది నెలలు, అక్టోబరులో అయితే ఏడాదిన్నర, జనవరిలో అయితే ఏడాది మూడు నెలలు. ఎప్పుడెక్కినా దిగేది మార్చిలోనే. అది అయ్యాక ఇంకో స్కూల్లో మళ్లీ ఓనమాలు దిద్దుతానంటే అక్కడి ఇమిగ్రేషన్‌వాళ్లు నమ్మరు. కొరియా డి-4 వీసా కూడా రెండేళ్లకి మించదు. జర్మనీలో భాషా కోర్సు వీసా ఏడాదే, అదీ వారానికి కనీసం 18 గంటల క్లాసులుంటేనే. ఇంగ్లిష్ కోర్సుకని బ్రిటన్ ఇచ్చేది 11 నెలలు. అక్కడ పని చేయడానికే వీల్లేదు. భాష నేర్చుకోవడానికొచ్చినవాణ్ణి పదేళ్లపాటు నేర్చుకోనిచ్చే అమాయకులు వీళ్లలో ఎవరూ లేరు.

సరే, ఆ రెండేళ్లయినా ఎలా గడుస్తాయో చూద్దాం. మొన్న నువ్వు వెళ్లాక కరెంటు బిల్లు వెనక లెక్కేశాను. స్టూడెంటు వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు, దానికి విడిగా అనుమతి తీసుకోవాలి. టోక్యోలో కనీస వేతనం 2024 అక్టోబరులో గంటకి 1,163 యెన్‌లు చేశారు. ఆ లెక్కన నెలకి లక్షా ముప్ఫై వేలు. గది ఇద్దరు పంచుకున్నా 45 వేలు. వండుకు తింటే తిండికి 35 వేలు. రైలు పాసు, ఫోను, తప్పనిసరి ఆరోగ్య బీమా, చలికాలం గ్యాసు అన్నీ కలిపి ఇంకో 20 వేలు. మిగిలింది 30 వేలు. స్కూలు ఫీజేమో ఏడాదికి ఎనిమిది లక్షల దగ్గర, అంటే నెలకి 66 వేలు! నేను వేసుకున్న ఖర్చులు పొదుపరివాడివి. ఒక్క జ్వరం, ఒక్క పెళ్లికి ఇంటికి రావడం ఇందులో లేవు. "28 గంటల పనితో ఫీజు, ఖర్చులు అన్నీ" అని ఆ కాగితం మీద అంత లావు అక్షరాలతో అచ్చు వేశారు కదా, వేసినవాడు కూడికలు చేసినట్టు లేడు.

ఆ నెలనెలా వచ్చే 36 వేల లోటులోనే అసలు ప్రమాదం ఉంది, జాగ్రత్తగా విను. భాష రాని కొత్తలో దొరికేది బెంటో అనే భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. తెల్లారి ఐదింటికి వచ్చి పడుకున్నవాడు తొమ్మిదింటి క్లాసులో కళ్లు తెరిచి కూర్చోగలడా? హాజరు పడిపోతుంది. ఫీజు వాయిదా దగ్గర పడుతుంది. అప్పుడు మన తెలుగు కుర్రాడే ఒకడొచ్చి ఇంకో చోట పని ఉందంటాడు, ఎవరికీ తెలియదంటాడు. తెలుస్తుందిరా. 28 గంటలంటే ఒక్కో యజమాని దగ్గర 28 కాదు, అందరి దగ్గరా కలిపి. అదీ ఏ వారం తీసి చూసినా. సోమవారం నుంచి లెక్కేసినా గురువారం నుంచి లెక్కేసినా దాటకూడదు. స్కూలువాళ్లు ప్రకటించిన పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకి 8 గంటల దాకా చేయొచ్చు. నీ జీతం మునిసిపాలిటీ పన్ను లెక్కల్లోకి పోతుంది. కోర్సు మధ్యలో వీసా రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు హాజరు పట్టీ అడుగుతారు, పన్ను పత్రం కూడా అడగొచ్చు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే నువ్వు నోరు విప్పక్కర్లేదు. సరైన కారణం లేకుండా మూడు నెలలు బడి ముఖం చూడకపోతే నివాస హోదానే రద్దు చేసే అధికారం వాళ్లకుంది. గడువు దాటాక దొరికి పంపించేస్తే 5 ఏళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు.

చదువు పేరు, బతుకు వేరు అయినప్పుడు ఏమవుతుందో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో వీసాల కోసమే నడిచిన ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి చేసినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. ఆ రోజుల్లో పేపర్లన్నీ ఆ ఫొటోలే. నువ్వప్పుడు బళ్లో ఉన్నావు, గుర్తుండదు. ఆ సంస్థ యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది. బుద్ధి వచ్చిందా అంటే, 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ! అది అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. క్లాసుల్లేవు, మేష్టార్లు లేరు. మొదటి విడతలో పట్టుకున్నవాళ్లలో 129 మంది భారతీయులు, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. చేర్పించినందుకు అరెస్టయిన ఎనిమిది మంది పేర్లు చదివినా మన ఊళ్ల ఇంటిపేర్లే. ప్రభుత్వమే వల పన్నడం నాకేం న్యాయంగా తోచలేదు, ఇప్పటికీ తోచదు. అయినా పాఠాలే లేని చోట ఫీజు ఎందుకు కడుతున్నామో ఆ పిల్లల్లో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇంతకీ ఉద్యోగం కావాలన్న నిన్ను స్టూడెంటుగా ఎందుకు పంపుతున్నారో ఆలోచించావా? విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, నీ దగ్గర వసూలు చేసేదానికీ హద్దుంటుంది. చదువుకి పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. వాడు స్కూలు దగ్గర కమీషన్ తీసుకోవచ్చు, నీ దగ్గర ఫీజూ తీసుకోవచ్చు. నువ్వు విమానం ఎక్కడంతో వాడి పని అయిపోయింది, నీ పని అక్కడ మొదలవుతుంది.

నీ చేతిలో బీటెక్ ఉందిరా. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాడికి జపాన్ కంపెనీ ఉద్యోగం ఇస్తే ఇంజినీరు హోదాలోనే నేరుగా వీసా వస్తుంది. భాషా స్కూల్లో ఉండగా ఉద్యోగం దొరికినా హోదా మార్చుకోవచ్చు. అంటే స్కూలు నీకు దారి మాత్రమే, అదీ తప్పనిసరి దారి కాదు. మన ఇంటి ముందున్న ఈ ముంబై హైవే మీదే పటాన్‌చెరు దాటి పోతే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ వస్తుంది. ఆ క్యాంపస్ కట్టడానికి జపాన్‌వాళ్ల జైకా సంస్థ అప్పిచ్చింది. జపాన్ కంపెనీలు అక్కడికి వచ్చి పిల్లల్ని ఎంచుకుపోతున్నాయి. నువ్వు ఐఐటీ కాదని మూతి ముడవకు. ఇంజినీర్ల కోసం వాళ్లే మన గడప దాకా వస్తున్నారంటే, రెండేళ్లు టెస్టింగులో చేసిన నీలాంటివాడు బెంటో ఫ్యాక్టరీ వైపు నుంచి లోపలికి దూరనక్కర్లేదని చెబుతున్నాను. డిగ్రీ లేనివాళ్లకి, నర్సింగ్ చదివినవాళ్లకి వేరే తోవ ఉంది: 2019లో పెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా, దానికి నైపుణ్య పరీక్షతో పాటు ఎన్4 స్థాయి జపనీస్ భాష కావాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ తోవలో పంపుతోంది. మీ పిన్ని కూతురికి ఆ మాట చేరవెయ్యి.

భాష ఇక్కడే నేర్చుకో. తార్నాకలో భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, ఆన్‌లైన్ టీచర్లకి లోటు లేదు. కింది మెట్టు ఎన్5, ఆపైన ఎన్4, ఎన్3 అని ఎక్కే ఆ భాషా పరీక్ష ఏటా జూలైలో, డిసెంబరులో జరుగుతుంది. వాళ్ల వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది, మన విభక్తుల్లాంటివే వాళ్లకీ ఉన్నాయి. ఇంగ్లిష్ అంత ఎదురీత ఉండదు. కంజి అనే వాళ్ల చిత్రలిపి మాత్రం నీ ఓపికని పరీక్షిస్తుంది. ఎలాగూ స్కూలు దరఖాస్తుకే 150 గంటల చదువో ఎన్5 సర్టిఫికెట్టో అడుగుతారు. అక్కడితో ఆపేసి వెళ్తే మొదటి ఏడాదంతా డబ్బులు పోసి నేర్చుకునేది, ఇక్కడ అన్నం తింటూ నేర్చుకోగలిగేదే. ఎన్3 అక్కడ దిగేటప్పటికే ఉంటే రాత్రి షిఫ్టుకి బదులు హోటల్ రిసెప్షన్‌లోనో దుకాణంలోనో పగటి పని దొరకొచ్చు, రెండో ఏడు ఇంటర్వ్యూలకి తిరగొచ్చు.

ఇంతా విని స్కూలే మేలనుకుంటే, పూర్తి ఏడాది ఫీజూ ఆరు నెలల ఖర్చూ చేతిలో పెట్టుకుని వెళ్లు. దిగిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో అడ్రసు రాయించుకో. రెసిడెన్స్ కార్డు జేబులోంచి తియ్యకు. 28 దాటి 29వ గంటకి నిన్ను ఎవరు పిలిచినా పోకు. చేరిన ఏడాదికల్లా ఉద్యోగం వెతుకులాట మొదలుపెట్టు, మార్చి వచ్చేదాకా కూర్చోకు. రెండేళ్లకీ ఏదీ కుదరకపోతే పరువు అనుకోకుండా తిరిగి రా. భాష వచ్చిన ఇంజినీరుగా వస్తావు, అందులో తలవంపులేమున్నాయి?

డబ్బు కోసం మీ అమ్మ ప్లాటు మాత్రం తాకట్టు పెట్టించకు, డబ్బు సంగతి నాకు వదిలెయ్. ఎన్4 పాసైన కాగితం తీసుకురా. స్కూలువాళ్లు అడిగే స్పాన్సర్ పత్రం మీద నేను సంతకం పెడతాను, బ్యాంకు స్టేట్‌మెంటూ ఇస్తాను.