మంచి నడవడి

లండన్ శివార్లలో క్యూ అనే చోట బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్లనే డచ్చి సంతతి తెల్లవాళ్లతో జరిగిన యుద్ధానికి వెళ్లిన మామూలు సిపాయిల కాగితాలు అక్కడ వేలకు వేలు ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెరిచి చూడొచ్చు. ఆ సిపాయిలు నాకేమీ కారు. పైగా మనల్ని ఏలిన సైన్యం వాళ్లది. అయినా ఒక కట్ట చూస్తే ఇంకోటి చూడాలనిపిస్తుంది.

పటాలంలో చేరేనాడు నింపిన పత్రంలో పుట్టిన ఊరు, వయసు, చేస్తున్న పని, మతం, దగ్గరి బంధువు పేరు, ఎత్తు, ఛాతీ కొలత, కళ్ల రంగు, జుట్టు రంగు వరసగా ఉంటాయి. మోచేతి మీది పచ్చబొట్టు, గడ్డం కింది గాయపు గుర్తు కూడా రాసుకున్నారు. ఆ కాలపు కూలివాడి గురించి ఇంత వివరంగా ఇంకెవరు రాసిపెట్టారు? ఇంత శ్రద్ధ వెనక ప్రేమేమీ లేదు. పారిపోతే పట్టుకోవాలి. సైన్యం వదిలి పరారైన వాళ్ల ఆనవాళ్లు పోలీస్ గెజిట్‌లో అచ్చయ్యేవి. పదో తరగతి సర్టిఫికెట్ కోసం రెండు పుట్టుమచ్చలు రాయించుకున్న మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మనిషి మాట చాలని చోటే మచ్చలు వెతుకుతారు.

ఆ కట్టల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపేది నడవడి చీటీ. తాగి దొరికితే తేదీతో సహా రాస్తారు. హాజరు పిలుపుకి రాకపోయినా, సర్కారిచ్చిన బూట్లు పోగొట్టినా, సార్జెంటుకు ఎదురు చెప్పినా తప్పూ, దానికి పడిన శిక్షా ఎక్కుతాయి. పటాలం వదిలేరోజు అన్నీ కూడి తీసివేసి చాలామందికి ఒక మాట రాస్తారు: మంచి నడవడి.

ఆ మంచి నడవడి మనిషి దక్షిణాఫ్రికాలో ఏంచేశాడు? 1900లో రాజధానులు చేజారాక బోయర్లు గెరిల్లా పోరుకు దిగారు. వాళ్లకు తిండీ ఆసరా దొరక్కుండా చేయాలని బ్రిటిష్ సేనాధిపతులు మొదట రాబర్ట్స్, ఆ తర్వాత కిచెనర్ పల్లెల్లో వాళ్ల ఇళ్లు తగలబెట్టించారు. దాదాపు 30,000 ఇళ్లు నాశనమయ్యాయి. ఆడవాళ్లనూ పిల్లల్నీ గుడారాల శిబిరాలకు తోలారు. 1901లో ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఇంగ్లిషు మహిళ ఆ శిబిరాలు చూసివచ్చి సొంత దేశంలోనే నిలదీసింది. అప్పటికీ చావులు ఆగలేదు. తట్టుతో, న్యుమోనియాతో, విరేచనాలతో మొత్తం 28,000 మంది దాకా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు.

పెట్టమన్న చోట నిప్పు పెట్టిన సిపాయి చీటీలో ఆ నిప్పు కనపడదు. చెప్పింది చేయడం తప్పెలా అవుతుంది? బూట్లు పోతే రాశారు, ఊళ్లు పోతే రాయలేదు. సైన్యానికి అతను చేసిన నష్టానికి ఆ చీటీలో చోటుంది. సైన్యం అతని చేత చేయించిన నష్టానికి గడి లేదు.

అలాగని అతణ్ణి రాక్షసుణ్ణి చేద్దామంటే అదే కట్ట ఒప్పుకోదు. పని అన్నచోట పదేపదే కనిపించేది కూలి అన్న మాటే. ఆ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం వైపు సుమారు 22,000 మంది సైనికులు పోతే, సగానికి పైగా టైఫాయిడ్ లాంటి జబ్బులకే పోయారు. సర్వీసులో ఉండగా చనిపోయిన వాళ్ల కట్టలు చాలావరకు దాచనేలేదు. తిరిగొచ్చిన వాడికైతే పింఛను సంగతి తేల్చాలి. పోయినవాడి ఖాతాతో ఇక పనేముంది?

అదే దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో మనవాళ్లకూ ఒక చిట్టా ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. మద్రాసులో ఓడెక్కిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. సిపాయి పత్రం పక్కన పెట్టి చూస్తే చాలా గడులు అవే. అనుమతి చీటీ లేకుండా తోట దాటిన కూలీని అప్పట్లో పట్టుకుని జైల్లో పెట్టొచ్చు. ఆ మచ్చల అవసరమూ అదే.

1899 డిసెంబరులో ఈ రెండు చిట్టాల మనుషులూ ఒకచోట కలిశారు. గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉంటే, 800 మంది దాకా ఒప్పందపు కూలీలే. కొలెన్సో దగ్గర, మరుసటి నెల స్పియన్ కాప్ దగ్గర గాయపడిన తెల్ల సిపాయిల్ని వాళ్లు మైళ్లకొద్దీ మోశారు. యుద్ధ పతకాలు మాత్రం దళనాయకులు 37 మందికి వచ్చాయి. మోయించుకున్న సిపాయి పేరు పతకాల పట్టీలో దొరుకుతుంది. మోసినవాడి కోసం ఓడ జాబితా తిరగేయాలి.

ఈ రెండింట్లోనూ లేనివాళ్లు ఇంకా ఉన్నారు. నల్లజాతి వాళ్లను లక్షమందికి పైగా వేరే శిబిరాల్లో పెట్టారు. అక్కడ లెక్కకెక్కిన చావులే 14,000 పైన. అసలు సంఖ్య 20,000 దాటి ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఎవరి మీద డబ్బు పెట్టాడో, ఎవరి గురించి పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలో వాళ్లనే పాలకుడు శ్రద్ధగా రాసుకుంటాడు. అడిగేవాడు లేని చావు దగ్గర కలం బద్ధకిస్తుంది.

ఆ సిపాయి మునిమనవడు ఈ రోజు కట్ట తెరిచి గర్వపడొచ్చు, సిగ్గుపడొచ్చు. రెండిట్లో ఏదీ ఆ కాగితం చేతికందించదు. ముత్తాత పూట గడవక వెళ్లి ఉండొచ్చు. అలా వెళ్లిన చేయే ఒక ఇంటికి నిప్పు పెట్టి ఉండొచ్చు కూడా. ఒక నిజం ఇంకో నిజాన్ని కొట్టేయదు.

ఇది ఇంగ్లండు వాళ్ల సమస్యే అనుకుంటే మనకు హాయిగానే ఉంటుంది. కానీ సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎర్రగీత లేకుండా రిటైరైన పెద్దలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆజ్ఞ ప్రకారం చేసిన పనికి మచ్చలేదని సంతకం పెట్టేది ఆజ్ఞ ఇచ్చినవాడే. ‘నా చేత ఏం చేయించారు?’ అనే గడి ఏ సర్కారూ అచ్చువేయదు. దాన్ని ఎవరికి వాళ్లే గీసుకుని, ఉద్యోగంలో ఉండగానే నింపుకోవాలి.