మన వెల ఎంత?

ఎడ్ డీనర్, మారిస్సా డీనర్ అనే మనస్తత్వవేత్తలు 31 దేశాల విద్యార్థులపై జరిపిన పరిశోధన 1995లో వెలువడింది. 'నేను' అన్నదే ముఖ్యమైన సమాజాలలో ఆత్మగౌరవానికీ, జీవిత సంతృప్తికీ సంబంధం గట్టిగా ఉంది. కుటుంబం, బంధువర్గం ముందుండే చోట అంత గట్టిగా లేదు. మనం ఈ రెండో కోవవాళ్ళమే. కాని మనకు మరో బెడద ఉంది, నలుగురి నోరు!

హజ్రత్ జాహిర్ (రజి) ఎడారివాసి, అందగాడు కారు. ఆయన బజారులో సరుకు అమ్ముకుంటుండగా దైవప్రవక్త (స) వెనుక నుంచి వచ్చి వాటేసుకుని, ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని హాస్యమాడారు. నన్ను అమ్మితే మీకేమీ గిట్టదన్నారు జాహిర్ (రజి). కాని అల్లాహ్ దృష్టిలో నీవు ఎంతో విలువైనవాడివి అన్నారు దైవప్రవక్త (స). షమాయిలె తిర్మిజీలో ఉన్న ఉల్లేఖనమిది.

ఆయన తనకు తాను కట్టుకున్న వెలా నిలవలేదు, బజారు కట్టే వెలా నిలవలేదు. రంగు తక్కువని, ర్యాంకు రాలేదని కుమిలిపోతున్న మన పిల్లలకు ఈ సంఘటన ఎన్నడైనా వినిపించామా?