అప్పుల వైపు మూలధనం

ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయంలో సొంత లాభం సంపాదించే నేర్పును బోధించటం ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న, వ్యాపార నిర్వహణ ఒక పాఠ్యాంశంగా మారిన నాటినుంచీ ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంది. వైద్యం చదివినవాడు రోగికీ, వ్యవసాయశాస్త్రం చదివినవాడు రైతుకూ అక్కరకు వస్తాడని లోకం తేలికగానే ఒప్పుకుంటుంది, ఎం.బి.ఎ. చదివినవాడు మాత్రం తనకూ, తనకు జీతమిచ్చే కంపెనీకీ తప్ప మరెవరికి పనికివస్తాడని పన్ను కట్టేవాడు సందేహించటం సహజం. ఈ సందేహంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వ్యాపారం అసలు విద్య అనిపించుకుంటుందా అన్నది మొదటిది. విద్యే అయితే దాన్ని పొందినవాడు ఎవరికి ఋణపడి ఉంటాడన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు కౌటిల్యుడు అర్థశాస్త్రం తొలి అధికరణంలోనే బదులిచ్చాడు. ఆయన లెక్కలో విద్యలు నాలుగు: హేతుబద్ధమైన తత్త్వవిచారణ అయిన ఆన్వీక్షికి, మూడు వేదాలు కలిసిన త్రయి, వార్త, పరిపాలనాశాస్త్రమైన దండనీతి. ఇక్కడ వార్త అంటే కబురు కాదు. వ్యవసాయం, పశుపాలన, వాణిజ్యం అనే మూడు బతుకుతెరువుల శాస్త్రం. అంటే వ్యాపారానికి వేదాల సరసనే చోటు దక్కింది. అయితే ఆ చోటు అందరిదీ కాలేదు. భగవద్గీత చివరి అధ్యాయం ఈ మూడింటినే వైశ్యుడి స్వభావకర్మగా చెప్పింది. ఆచరణలో ఆ స్వభావం పుట్టుకగా స్థిరపడింది. రోజువారీ జమాఖర్చులు రాసే చిట్టా, వాటిని ఖాతాలవారీగా విడదీసి ఎక్కించే ఆవర్జా రాయటమెలాగో కొట్లో తండ్రి పక్కన కూర్చున్న కొడుకు నేర్చుకునేవాడు. ఊళ్లో మిగిలినవారికి ఆ పుస్తకాల్లో తమ పేరున ఉన్న బాకీ మాత్రమే తెలిసేది.

ఈ కట్టుబాటును సడలించటంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పాత్ర తక్కువది కాదు. అమెరికాలో 1868లో ఏర్పడిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, నెవాడా వెండి గనుల్లో కోట్లు గడించిన జేమ్స్ ఫ్లడ్ కుమార్తె కోరా జేన్ ఫ్లడ్ తన ఆస్తిని వాణిజ్య విద్య కోసం ఇవ్వగా, 1898లో బర్కిలీలో వాణిజ్య కళాశాల మొదలైంది. నేటి హాస్ బిజినెస్ స్కూలు అదే. తెలుగునాట 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు పుట్టక మునుపే, 1957లో వాల్తేరులో ఎం.బి.ఎ. ప్రారంభించింది. నేడు ఆ చదువుకు దారితీసే ఐసెట్ ర్యాంకు, అభ్యర్థి తండ్రికి కొట్టు ఉందా, కౌలు పొలం ఉందా అని అడగదు. వార్తను పుట్టుక నుంచి విడదీసి పరీక్షకు అప్పగించటమే ఈ సంస్థలు చేసిన మొదటి ధర్మకార్యం.

రెండవ ప్రశ్న ఇంతకంటే క్లిష్టమైనది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన ధ్యేయవాక్యాన్ని తైత్తిరీయోపనిషత్తులోని శాంతిమంత్రం నుంచి తీసుకుంది. తాము చదివిన చదువు తేజోవంతం కావాలని గురుశిష్యులు కలిసి చేసే ప్రార్థన అది. అందులోని 'నౌ' అనే చిన్న మాటకు 'మన ఇద్దరి' అని అర్థం. సంస్కృతంలో ఏకవచన, బహువచనాలకు తోడు ఇద్దరిని మాత్రమే సూచించే ద్వివచనం ఉంది. తెలుగులో అది లేదు కనుక, 'మన' అని అనువదించగానే ఆ ఇద్దరే అన్న నిక్కచ్చితనం చెదిరిపోతుంది. మూలంలో ఉన్నది గురువు, శిష్యుడు మాత్రమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మూడో వ్యక్తి కూడా ఉన్నాడు. తరగతి గది ముఖం ఎన్నడూ చూడకపోయినా, సబ్బు కొన్న ప్రతిసారీ పన్ను రూపంలో ఆ గది ఖర్చులో తన వంతు భరిస్తున్నవాడు అతడు. ధ్యేయవాక్యపు వ్యాకరణంలో అతడికి చోటు లేదు.

ఆ చోటు మరో వైదిక భావనలో దొరుకుతుంది. మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడన్న ఆలోచనను తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడికి వర్తింపజేసి మూడు ఋణాలు చెప్పింది: ఋషుల ఋణం అధ్యయన కాలపు బ్రహ్మచర్యంతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరుతాయి. శతపథ బ్రాహ్మణం ఉనికి ఉన్న ప్రతివాడినీ ఋణగ్రస్తుడిగానే ఎంచి, నాలుగోదిగా మనుష్యఋణాన్ని చేర్చింది. సాటి మనుషులకు ఆశ్రయమిచ్చి అన్నం పెట్టటం దానికి చెల్లింపు. మంత్రంలో కనిపించని మూడో వ్యక్తి ఈ నాలుగో పద్దులో ప్రత్యక్షమవుతాడు.

ఆశ్చర్యమేమిటంటే ఇదే భావన వ్యాపార విద్యలోని తొలి పాఠాల్లో మరో వేషంలో ఉంది. ఒక వ్యక్తి తన సొంత డబ్బు లక్ష రూపాయలతో కిరాణా కొట్టు పెడితే, ఆ కొట్టు ఆస్తి అప్పుల పట్టీలో లక్ష రూపాయల నగదు ఆస్తుల వైపు కనిపిస్తుంది. అదే లక్ష 'మూలధనం' పేరుతో అప్పుల వైపు కూడా కనిపిస్తుంది. సొంత డబ్బు అప్పెలా అయిందని కొత్త విద్యార్థి తికమకపడతాడు. వ్యాపార అస్తిత్వ భావన, అంటే వ్యాపారం వేరు, యజమాని వేరు అన్న సూత్రం, అందుకు సమాధానం: కొట్టు తన దగ్గరున్న ప్రతి రూపాయికీ ఎవరో ఒకరికి జవాబుదారీ. ఊరికే వచ్చిన ఆస్తి అనేది జంటపద్దు విధానంలో రాయటానికే వీలుకాదు. వ్యాపారవేత్త తన చదువును సైతం ఈ పట్టీలో రాసుకుంటే, ఆస్తుల వైపు నేర్పు చేరగానే అప్పుల వైపు మనుష్యఋణం దానంతటదే చేరుతుంది.

నేడు అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లున్నాయనీ, బర్కిలీలో ఎం.బి.ఎ. ఫీజు సామాన్యులకు అందేది కాదనీ, పూర్తి ఫీజు కట్టినవాడికి ఇంకా ఋణమేమిటనీ ఆక్షేపణ రావచ్చు. ఫీజు సీటుకు వెల అవుతుంది. ఆ సీటుకు విలువ తెచ్చిన గ్రంథాలయానికీ, తరాల అధ్యాపకుల కృషికీ, పట్టాకున్న పరువుకూ కాదు. అడోబీ సంస్థకు 2007లో సీఈఓ అయిన హైదరాబాదీ శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగు, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో కంప్యూటర్ సైన్సు, బర్కిలీలో ఎం.బి.ఎ. చదివారు, మూడూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. ఒకరినొకరు ఎరగని మూడు ప్రాంతాల ప్రజలు ఒక్క చదువు వెనుక ఉన్నప్పుడు, తీసుకున్నచోటే తిరిగి చెల్లించటమన్న మాటకు అర్థం ఉండదు. పితృఋణం ఇక్కడ దారి చూపుతుంది: అది తల్లిదండ్రులకు డబ్బు తిరిగివ్వటం వల్ల కాదు, తరువాతి తరాన్ని పెంచటం వల్ల తీరుతుంది.

అందువల్ల పూర్వ విద్యార్థుల విరాళాలు ఎంత ఘనమైనవైనా ఋణవిమోచనానికి సమానం కావు. దాత అధికుడై నిలుస్తాడు, భవనంపై పేరు చెక్కించుకుంటాడు. బాకీ తీర్చినవాడు సమానుడు మాత్రమే అవుతాడు. చదువు ముగించిన శిష్యుడికి తైత్తిరీయ శీక్షావల్లి చేసే ఉపదేశం ఈ తేడాను గుర్తించింది. సంపదను నిర్లక్ష్యం చేయవద్దని అది స్పష్టంగానే చెబుతుంది. కానీ ఇచ్చేటప్పుడు శ్రద్ధతో, ఉన్నదానికి తగినట్లుగా, సిగ్గుతో, భయంతో ఇవ్వమంటుంది. సిగ్గూ భయమూ దాతకు సహజమైన గుణాలు కావు. బాకీ ఉన్నవాడికే అవి తెలుసు.

వ్యాపారి మనుష్యఋణానికి మొదటి వాయిదా నిజమైన లెక్క. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని వెల్లడించింది. 1,230 కోట్ల అప్పును చూపనేలేదని కూడా అదే లేఖ ఒప్పుకుంది. లోకానికి మొదటి అంకె గుర్తుంది. ధర్మవిచారణకు రెండవదే ముఖ్యం, ఎందుకంటే లేని ఆస్తిని కల్పించటం ఆశకు సంబంధించిన తప్పు కాగా, ఉన్న అప్పును దాచటం ఎదుటి మనిషినే పద్దు నుంచి కొట్టివేయటం.

కనుక ప్రభుత్వ విశ్వవిద్యాలయం వ్యాపార విద్యను బోధించటం ధర్మసమ్మతమే. అయితే ఆస్తి అప్పుల పట్టీలో కుడిఎడమలు రెండూ చదవటం నేర్పినంతవరకే. ఆ పాఠ్యక్రమంలోనే ఇందుకు చివరి సాక్ష్యమూ ఉంది. సంస్థ నడిచినంతకాలం మూలధనం అప్పుల వైపే నిలుస్తుంది. సంస్థను మూసివేసిన రోజున కూలీల బాకీ, బ్యాంకు బాకీ, సరుకు ఇచ్చినవారి బాకీ అన్నీ తీరిన తరువాత, ఏమైనా మిగిలితే, వరుసలో చివర నిలబడ్డ యజమానికి అది అందుతుంది.